నిలబడ్డ బండి ఎంత తాగుతుంది

మా మార్కాపురంలో కొత్త బండి కనబడితే మనుషులు ధర అడగరు, ఎంత వేగంగా పోతుందనీ అడగరు. "మైలేజ్ ఎంతిస్తాది?" అని అడుగుతారు. మోపెడ్‌ దగ్గరా అదే ప్రశ్న, ట్రాక్టర్‌ దగ్గరా అదే ప్రశ్న. పలకల వ్యాపారం చేసే మా వీధి పెద్దమనిషి హైదరాబాదు నుంచి ఎండుమిరప రంగు అమెరికా కారు తెచ్చిన రోజు కూడా, దాని చుట్టూ చేరినవాళ్ళు ముందు అడిగింది అదే.

జిల్లాలను విడగొట్టి కందుకూరును నెల్లూరు వైపు కలిపిన మరుసటి ఎండాకాలం అది. వ్యాపారికి ఆ కారు మీద మోజు ఈనాటిది కాదు. కుర్రతనంలో ఏదో టైర్ల దుకాణం గోడ మీద క్యాలెండర్‌లో అలాంటి బొమ్మ చూశాడట. యాభై దాటాక, ఇళ్ళు కట్టి అమ్మే ఒకాయన దగ్గర పాతది దొరికితే కొన్నాడు. రెండే తలుపులు, మంచమంత బానెట్, ఎనిమిది సిలిండర్లు, ఐదు లీటర్ల ఇంజిన్. మా ఊళ్ళో తిరిగే చిన్న కార్ల ఇంజిన్లు నాలుగింటిని కలిపితే తప్ప దాని ఒక్క దానికి సరితూగవు. గోడౌన్ ముందు దాన్ని స్టార్ట్ చేస్తే లోపల గోడకు ఆనించి పెట్టిన పలకలు సన్నగా గలగలమనేవి.

"లీటరుకు తొమ్మిది ఇస్తాదంట," అని వ్యాపారి అందరికీ చెప్పాడు. అమ్మినాయన ఆయనకు చెప్పిన మాట అది. అంత కారుకు తొమ్మిది అంటే మావాళ్ళు కూడా పరవాలేదన్నట్టు తలూపారు.

రెండు నెలలు తిరిగేసరికి ఆ తొమ్మిది నాలుగున్నర దగ్గర తేలింది.

నాకు కంభం రోడ్డులో లారీల కాటా ఉంది. పలకల లోడు, రాళ్ళ లోడు, పొగాకు బేళ్ళు, ఏది పోయినా నా కాటా ఎక్కి దిగి పోవాల్సిందే. నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం ఆగలేదు. ఏ బండికి ఎంత బరువు మీద ఎంత డీజిల్ పడుతుందో లారీవాళ్ళు నన్ను అడిగేవారు, నేను వాళ్ళను అడిగేవాణ్ణి. అలా అడగ్గా అడగ్గా ఊళ్ళో ఎవరి బండి ఎక్కువ తాగినా నా దగ్గరికి రావడం అలవాటైంది. వ్యాపారి కూడా ఒక పొద్దున వచ్చి కాటా గదిలో కూర్చున్నాడు.

"తమ్ముడా, ఒక లెక్క తేల్చాల. ఇది బయట అనొద్దు. నా పెట్రోలు ఎవరో తాగుతాండారు."

"ఎవరన్నా?"

"ఇంకెవరు? తాళం ఎవరి దగ్గరుంటాది? డ్రైవర్ దగ్గర."

ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. అప్పటిదాకా ఆయన ఆ డ్రైవర్‌ను "మామా" అని తప్ప పిలవగా నేను వినలేదు. కొమరోలు వైపు మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు. ముప్పై ఏళ్ళు పలకల లారీలు నల్లమల దాటించి నంద్యాల వైపు తోలాడు. నా కాటా మీదికి ఆయన బండి ఎక్కిస్తే తూకం పడే చోట సరిగ్గా ఆగేది, ముందుకూ వెనక్కూ జరపాల్సిన పని ఉండేది కాదు. నడుము నొప్పితో లారీ మానుకుని ఈ కారు మీద చేరాడు. నేనాయన్ను మామా అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు.

"దొంగతనమని తేలితే ఏం చేస్తావన్నా?"

"పంపిచ్చేస్తా. అంతకుమించి ఏం చేస్తా? పోలీసులా, గీలీసులా?"

ఆయన దయగానే అన్నాడు. కానీ పెట్రోలు మీద మాట పడి దిగిపోయిన డ్రైవర్‌కు మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఎవరూ బండి ఇవ్వరు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

మామకు ఈ సంగతి ఎవరు చేరవేశారో గానీ, సాయంత్రానికి ఆయనే వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తేల్చు అల్లుడా. బాగా తేల్చు. నాకేం భయంలా."

"కూచో మామా, టీ తాగు."

"టీ కూడా తాగితే అదీ నా లెక్కలోనే రాస్తారు." అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. "ముప్పై ఏండ్లు లారీ తోలినా. తాగుబోతు అన్నారు, మొండోడు అన్నారు. ఆయిలు కాడ మాత్రం ఒక్కడు వేలు చూపిచ్చలా."

బండిని తోలి, మైలేజ్ కొలిచి తేల్చుకుందామన్నాను. దానికి అందరం ఒప్పుకున్న పద్ధతి లారీవాళ్ళ పద్ధతే. బంకులో ట్యాంకు మూత దాకా నింపాలి. పంపు తనంతట తను ఆగినా వదలకుండా, నలుగురు బండిని పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. లోపల చిక్కుకున్న గాలి బుడబుడమని బయటికొస్తే ఇంకొంచెం పడుతుంది. అలా ఊపి ఊపి, పెట్రోలు మూతి దగ్గర కనబడేదాకా పోయించాలి. తిరిగి వచ్చాక అదే బంకు, అదే పంపు, అదే ఊపుడు. ఎంత పట్టిందో అంత తాగినట్టు. అంత ఖరీదైన కారును ఎద్దుల బండిని కదిపినట్టు కదుపుతుంటే వ్యాపారి మొహం చూడలేకపోయాను.

ముగ్గురం గిద్దలూరు వైపు బయలుదేరాం. వెనక సీటు నాది. ఆ సీటు మనుషుల కోసం చేసింది కాదు. నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కంభం దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. మామ ఎనభై మీద నిలిపి, పొలాలు చూసుకుంటూ పోతున్నట్టు పోనిచ్చాడు. అంత పెద్ద ఇంజిన్ ఉన్నట్టే లేదు. గిద్దలూరులో ఆగకుండా దిగువమెట్ట మీదుగా ఘాట్ ఎక్కాం. పైన తిప్పుకుని దిగుడు మొదలయ్యేసరికి మామ చెయ్యి తనంతట తనే గేరు కడ్డీ మీదికి పోయింది. న్యూట్రల్‌లో వేశాడు.

నల్లమల దాటే లారీవాళ్ళ పాత అలవాటు అది. దిగుడులో గేరు తీసేస్తారు. మరీ గట్టి పిసినారులైతే ఇంజిన్ కూడా ఆపేస్తారు. బరువుకు బండి తనే దిగుతుంది, చుక్క డీజిల్ ఖర్చు కాదు. బ్రేకులు నిలిస్తే బతికినట్టు.

కారులో స్టీరింగు వెనక చిన్న తెర ఉంది. ఆ క్షణానికి బండి లీటరుకు ఎంత ఇస్తోందో అందులో ఒక గీత చూపిస్తుంది, ఎక్కువిస్తే గీత పొడుగవుతుంది. వెనక సీట్లోంచి మెడ చాచి దాన్నే చూస్తున్నాను. న్యూట్రల్‌లో వేసేముందు, ఆక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తిన కాసేపు, ఆ గీత చివరంటా పోయి ఆగింది. వేయగానే వెనక్కి వచ్చింది.

"మామా, గేర్లో వేయి."

"గేర్లో వేస్తే ఇంజిన్ తాగదా?"

"వేసి చూడు. కాలు మాత్రం తియ్యి."

వేశాడు. గీత మళ్ళీ చివరికి పోయింది.

"ఇదేంది అల్లుడా, ఇది తిరకాసుగా ఉంది?"

"గేర్లో దిగేటప్పుడు చక్రాలే ఇంజిన్ని తిప్పుతాయి. పెట్రోలు తనే ఆపేసుకుంటాది. న్యూట్రల్‌లో వేస్తే చక్రాలకూ దానికీ సంబంధం ఉండదు. ఆగిపోకుండా ఉండేదానికి తాగాల్సిందే."

"అయితే ఇంతకాలం నేను మిగిలిచ్చేది మిగిలిచ్చేది కాదా?"

"లారీలో మిగిలింది. ఇందులో మిగలదు. పైగా ప్రమాదం."

వ్యాపారి ముందు సీట్లోంచి, "ముందు రోడ్డు చూడమను," అన్నాడు, నాతో. మామతో నేరుగా మాట్లాడటం ఆయన మానేశాడు.

బంకులో తిరిగి నింపి, ఊపి, లెక్క వేశాను. నూట అరవై ఆరు కిలోమీటర్లు తిరిగాం. పదిహేడు లీటర్ల ఆరువందల మిల్లీ పట్టింది. లీటరుకు తొమ్మిది పాయింట్ నాలుగు.

నాకు సంతోషమేసింది. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, బండిలో లోపం లేదు. ఆ సంతోషం వ్యాపారి నోరు తెరిచేదాకానే.

"చూసినావా తమ్ముడా? నేను బండిలో ఉంటే తొమ్మిది దాటింది. ఆయప్ప చేతికి వదిలేస్తే నాలుగున్నర. ఇంకేం తేల్చాల?"

మామ అద్దం తుడుస్తున్న గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గరుంచు అల్లుడా. తీసుకునేవాళ్ళు నీ దగ్గర తీసుకుంటారు," అని నడిచి పోయాడు.

నేను వేసిన లెక్కతోనే ఆయన దొంగ అయ్యాడు. లెక్కలో తప్పు లేదు. కానీ అది రోడ్డు లెక్క, ఊరి లెక్క కాదు. ఆ కారు నెలలో ఇరవై ఎనిమిది రోజులు మార్కాపురం దాటి పోదు. నాకు మాటిమాటికీ ఘాట్ దిగుడులో తెర మీది గీత గుర్తొస్తోంది. ఆగిపోకుండా ఉండేదానికి తాగాల్సిందే అని చెప్పింది నేనే.

మర్నాడు వ్యాపారి ఇంటికి పోయాను. "ఒక్కరోజు ఊళ్ళో నీతో తిరుగుతా. డ్రైవర్ కూడా రావాల," అన్నాను.

"లెక్క అయిపోయింది కదా?"

"సగమే అయింది. రోడ్డు మీద తిరిగిన సగం."

ఆయనకు ఇష్టం లేదు. కానీ నా మీద నమ్మకం ఉంది. మామను పిలిపించడం ఇంకా కష్టమైంది. "దొంగను పక్కన పెట్టుకుని ఎందుకు తిరుగుతారంట?" అన్నాడు. చివరికి, "నీ మొహం చూసి వస్తాండా," అని వచ్చాడు.

మళ్ళీ మూత దాకా నింపాం. మళ్ళీ వెనక సీట్లో ముడుచుకున్నాను. ఈసారి కిలోమీటర్లతో పాటు ఇంకొకటి కూడా లెక్కపెట్టాను. బండి కదలకుండా ఇంజిన్ తిరిగే సమయం.

పొద్దున గోడౌన్ దగ్గరే మొదలైంది. చక్రాలకు నీళ్ళు చల్లి, అగరుబత్తి తిప్పి, ఇంజిన్ వేడెక్కాలని మామ పది నిమిషాలు ఊరికే తిరగనిచ్చాడు. బ్యాంకు దగ్గర వ్యాపారి దిగుతూ, "ఏసీ ఆపొద్దు, నేను వచ్చేసరికి చల్లగా ఉండాల," అన్నాడు. ఆ మాట నాతో అన్నట్టు నా వైపు చూసి అన్నాడు గానీ అది మామకే. పావుగంటకు పైనే అయింది. కల్యాణమండపం దగ్గర ఇంకా ఎక్కువ. పలకలు కోసే మిషన్ల దగ్గర మాటల్లో పడి ఆయన మమ్మల్నే మరిచిపోయాడు. ఎక్కడ ఆగినా చుట్టూ మనుషులు చేరేవారు.

"మామా, ఒకసారి రేజ్ చెయ్యి మామా."

"సెల్‌ఫోన్లో పట్టుకుంటా, గట్టిగా ఇయ్యి."

మామ వ్యాపారి వైపు చూసేవాడు. వ్యాపారి దూరం నుంచే చెయ్యెత్తి కానివ్వమన్నట్టు ఊపేవాడు. అప్పుడు మామ ఆక్సిలరేటర్ తొక్కేవాడు. వీధి వీధంతా దద్దరిల్లేది. కిరాణా దుకాణం ముందు పడుకున్న కుక్క లేచి పోయేది. వ్యాపారి మొహంలో ఆ క్యాలెండర్ నాటి కుర్రవాడు కనబడేవాడు.

సాయంత్రం బంకులో నింపితే ఏడు లీటర్ల నాలుగువందలు పట్టింది. తిరిగింది ముప్పై ఒక్క కిలోమీటర్లు. లీటరుకు నాలుగు పాయింట్ రెండు. పొద్దుటి నుంచి నేను ఆ బండిని వదల్లేదు, చుక్క ఎవరూ తీయలేదు.

"గంటా నలభై నిమిషాలు నిలబడి తాగింది అన్నా," అన్నాను.

"నిలబడ్డ బండి ఎంత తాగుతాది తమ్ముడా? మహా అయితే గ్లాసెడు. నువ్వు ఆయప్పను వెనకేసుకొస్తాండావు."

"అయితే అదీ చూద్దాం. రేపు ఒక గంట కూచోవాల. నువ్వే కూచోవాల. లేకుంటే ఎల్లుండి ఇంకో అనుమానం వస్తాది."

అలా మరుసటి రోజు మధ్యాహ్నం, ట్యాంకు నింపి, బంకు బయటికి వచ్చి, రోడ్డు పక్క వేపచెట్టు నీడలో బండి నిలబెట్టాం. ఇంజిన్ ఆన్, ఏసీ ఆన్, అద్దాలు మూసి. ముందు సీట్లలో వ్యాపారి, డ్రైవర్. వెనక నేను. గంటసేపు ఎక్కడికీ పోని ప్రయాణం.

మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన వంగి అద్దం కొట్టాడు.

"చెడిపోయిందా నాయనా?"

"లేదు తాతా, బాగానే ఉంది," అన్నాను.

"మరి యాడికి పోతాండారు?"

"యాడికీ పోవట్లా."

"ముగ్గురూ కూసోని?" అని మా ముగ్గురి మొహాలూ ఒకటొకటిగా చూసి, మేకల వెంట పోయాడు. వెనక్కి తిరిగి ఇంకోసారి చూశాడు.

మామకు నవ్వు ఆగలేదు. వ్యాపారి కూడా కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆ నవ్వు తర్వాత మూడు రోజుల్లో మొదటిసారి ఆయన మామను నేరుగా అడిగాడు.

"పది నిమిషాలు ఆగాల్సిన కాడ కూడా బండి ఎందుకు ఆపవు? ఏసీ ఆపొద్దని నేను చెప్పింది సరే, నేను లేనప్పుడు కూడా ఆపవంట."

"లారీకి సెల్ఫ్ ఎప్పుడు పనిచేసింది సామీ? బ్యాటరీ ఉంటే సెల్ఫ్ ఉండదు, సెల్ఫ్ ఉంటే బ్యాటరీ ఉండదు. లోడు మీద ఆపితే తోసేదానికి పదిమంది కావాల. పల్లం దొరికితే తప్ప ఆపేవాళ్ళం కాదు. చేతికి అట్ల అలవాటు పడిపోయింది."

నేను వెనక నుంచి అన్నాను: "దిగుడులో ఆపేవాడు, ఆగిన కాడ ఆపేవాడు కాదు. లారీకి అదే సరి. ఈ బండికి రెండూ తిరగేయాల."

మామ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ అన్నాడు. "సామీ, ఒక మాట. ఘాట్లో ఇంజిన్ ఆపి, పదారు టన్నులు నెత్తిన పెట్టుకుని, పానం అరచేతిలో పట్టుకుని దిగినా. ఎందుకు? ఓనరుకు రెండు లీటర్లు మిగులుతాదని. ఓనరు చూడను కూడా చూడడు. అట్లాటి నన్ను తాగినోడు అంటే నేను యాడ చెప్పుకోవాల?"

ఏసీ గాలి సర్రుమంటోంది. వ్యాపారి చెయ్యి చాచి ఏసీ తగ్గించబోయాడు. "వద్దన్నా, ఇంకా పన్నెండు నిమిషాలుంది. లెక్క చెడిపోతాది," అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గంట అయ్యాక బంకులోకి పోనిచ్చి నింపాం. ఈసారి ఊపేవాళ్ళలో వ్యాపారి కూడా ఒక చెయ్యి వేశాడు. పంపు రెండు లీటర్ల రెండువందల దగ్గర నిలిచింది. ఆ పెట్రోలుతో నా మోపెడ్ మీద గిద్దలూరు పోయి, తిరిగి కంభం దాకా రావచ్చు. మేము వేపచెట్టు కింది నుంచి బంకు దాకా వచ్చాం.

ముగ్గురం కాటా గదికి వచ్చాం. మామ తాళం తెచ్చి మళ్ళీ నా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. పలక ఒకటి తీసి బలపంతో వేసి చూపించాను. ఊళ్ళో కదిలింది ముప్పై ఒక్క కిలోమీటర్లు, తొమ్మిది పాయింట్ నాలుగు చొప్పున మూడు లీటర్ల మూడువందలు. నిలబడింది గంటా నలభై నిమిషాలు, గంటకు రెండు లీటర్ల రెండువందల చొప్పున మూడు లీటర్ల ఏడువందలకు కొంచెం తక్కువ. రెండూ కలిపితే ఏడు లీటర్లు. పట్టింది ఏడు లీటర్ల నాలుగువందలు.

వ్యాపారి వ్యాపారే. పలక మీద వేలు పెట్టాడు. "ఈ నాలుగువందలు?"

దాన్ని చెరిపేసి సరిపోయిందని చెప్పడం నా వల్ల కాదు. "దాన్ని నేను కొలవలేదన్నా. ఊళ్ళో మాటిమాటికీ బ్రేకులు, స్పీడ్ బ్రేకర్ల మీద ఏటవాలుగా ఎక్కడం దిగడం, అందులో కొంత పోయి ఉంటాది. మిగతాది సౌండ్."

"సౌండా?"

"తొమ్మిది సార్లు రేజ్ చేయించినారు. కానివ్వమని చెయ్యి ఊపింది ఎవరు?"

పలక వైపు చూస్తున్న ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు కొంచెం టైం పట్టింది.

"అంటే నా పెట్రోలు తాగింది నేనే."

"తాగింది బండి. తాగించింది ఇద్దరూ," అన్నాను. మామ వాటా కూడా నేను దాచలేదు. మామ తలూపాడు.

వ్యాపారి బల్ల మీది తాళం తీసుకున్నాడు. చేతిలో కాసేపు తిప్పాడు. దాన్ని మామకు అందించాడు.

"పా మామా. ఇంటి కాడ భోజనానికి ఎదురు చూస్తాంటారు."

మామ వెంటనే తీసుకోలేదు. "ఇకనుంచి ఆగిన కాడ ఆపేస్తా సామీ. వచ్చి ఎక్కితే లోపల పొయ్యిలో కూసున్నట్టుంటాది. తర్వాత నన్ననొద్దు."

"కాల్తే కాల్తాది. తీసుకో."

తీసుకున్నాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఆ కారు లీటరుకు ఏడు దాటింది. ఇంకా చాలా తాగే బండే. ఐదు లీటర్ల ఇంజిన్ను ఎవరూ మోపెడ్ చేయలేరు. కానీ ఏడు ఎందుకు ఏడు అయిందో ఇప్పుడు ముగ్గురికీ తెలుసు. మా కాటా ముందు టీ బంకు దగ్గర అది ఆగినప్పుడు ఇంజిన్ చప్పుడుండదు, అద్దాలు కిందికి దించి ఉంటాయి. వ్యాపారి లోపల కూర్చుని కండువాతో విసురుకుంటూ టీ తాగుతుంటాడు. ఘాట్ దిగేటప్పుడు మామ చెయ్యి ఇప్పటికీ గేరు మీదికి పోతుందట, మళ్ళీ తనే వెనక్కి తెచ్చుకుంటాడట.

మొన్న దర్శి వైపు నుంచి వచ్చిన ఎవరో ఇద్దరు బండి చుట్టూ తిరిగి చూసి, మామను అడిగారు.

"పెద్దాయనా, మైలేజ్ ఎంతిస్తాది?"

మామ టీ గ్లాసు కింద పెట్టి, వ్యాపారికి కూడా వినబడేలా చెప్పాడు. "రోడ్డు మీద పోతే తొమ్మిది. ఊళ్ళో ఏడు. ఈడ నిలబెట్టి మీకు సౌండ్ వినిపిచ్చినానంటే సున్నా. ఏది కావాల?"